బ్లోయరు మెడలో బంతిపూల దండ

నా ఉద్యోగం పేరు సూపర్‌వైజరు. సూపర్‌వైజ్ చేయడానికి అక్కడున్నవి ఒక కొలిమి, ఒక మేస్త్రి, పక్క రైసుమిల్లు నుంచి ఎగిరొచ్చే ఊక. ఊక ఎవరి మాటా వినదు. మేస్త్రి కూడా అంతే. కొలిమి మాత్రం చెప్పినట్టు వినేది. కాకపోతే మేస్త్రి చెప్పినట్టు.

రెండువేల సంవత్సరం దాటి ఎంతోకాలం కాలేదు. ఏలూరులో కెమిస్ట్రీతో డిగ్రీ ముగించి, ఆ డిగ్రీ అవసరం ఎవరికుందా అని కొన్నాళ్లు చూసి, ఎవరికీ లేదని తేలాక తాడేపల్లిగూడెంలో ఒక పోతపని షెడ్డులో చేరాను. పొద్దున్నే పాసింజరు ఎక్కి, భీమడోలు, పూళ్ళ దాటి, దిగి, షెడ్డు దాకా నడిచేవాణ్ణి. మేం పోసేవి ఎక్కువగా చేపల చెరువుల పంపుల్లో నీటిని తోసే కంచు చక్రాలు. కొల్లేరు చుట్టూ నీళ్లు తోడేవాళ్లు ఉన్నంతకాలం మనకు పని ఉంటుందని మా షావుకారు గారి నమ్మకం. కొల్లేరు ఆయన్ని ఎప్పుడూ నిరాశపరచలేదు.

మా కొలిమి బొగ్గుది కాదు, ఆయిలుది. షెడ్డు కప్పు కింద ఒక డ్రమ్ములో ఫర్నేస్ ఆయిలు ఉండేది. నల్లగా, చిక్కగా, కాస్త వెచ్చచేస్తే గానీ కదిలేది కాదు. ఆ విషయంలో నాకూ దానికీ పోలిక ఉండేది. అది గొట్టంలోంచి బర్నరుకు దిగుతుంటే, బ్లోయరు గాలి దాన్ని తుంపరగా విరగ్గొడుతుంది. ఆ తుంపర మండుతుంది. ఆయిలుకు ఒక చిన్న చక్రం, గాలికి ఒక రేకు తలుపు. రెండూ కలిసిమెలిసి ఉంటే అది కొలిమి, లేకపోతే వట్టి పొగగొట్టం.

మేస్త్రి సిద్ధాంతం వేరు. పొగ ఎంత దట్టంగా ఉంటే మంటకు అంత బలం. వేడి తగ్గిందనిపిస్తే ఆయిలు చక్రం ఇంకాస్త తిప్పేవాడు. మా గొట్టం నుంచి పొగ లేచిందంటే షెడ్డులో పని నడుస్తోందని బజారంతా తెలిసేది. షావుకారు గారికి అది బోర్డు రాయించే ఖర్చు తప్పించింది.

దసరా వెళ్లాక ఒకరోజు పెదపాడు వైపు పల్లె నుంచి రిటైరైన టీచరు గారొకావిడ ట్రాలీ ఆటోలో వచ్చారు. వెనక గడ్డి పరిచి, దాని మీద ఏదో పడుకోబెట్టి, దుప్పటి కప్పి తెచ్చారు, ఆస్పత్రికి తెచ్చినట్టు. దుప్పటి తీస్తే మిషనరీల కాలం నాటి చర్చి గంట. అంచు నుంచి నడుము దాకా పగులు.

"దీన్ని కరిగించి మళ్లీ గంటే పోయాలండీ," అన్నారు.

"కొత్తది కొనుక్కోవచ్చు కదండీ," అన్నారు షావుకారు గారు. ఆయన వర్తకుల ఇంట పుట్టారు గానీ నోటికొచ్చిన మాట అలా జారిపోతుంది.

"కొత్తదేంటండీ, మా కమిటీ వాళ్లు అసలు గంటే వద్దంటున్నారు. హారన్ స్పీకరు పెట్టి, టేపులో గంట చప్పుడు వినిపిస్తారంట. కరెంటు పోతే ప్రార్థన కూడా పోతుందాండీ అని అడిగాను. నాకెవరూ జవాబు చెప్పలేదు గానీ తీర్మానం మాత్రం చేశారు. క్రిస్మస్ ముందు ఆదివారాలు మొదలయ్యేలోగా గంట మోగితే సరి. లేకపోతే స్పీకరే."

"మీరేమన్నారండీ?"

"మోగుతుందన్నాను. అందరి ముందూ నిలబడి అన్నాను."

"మోగకేంటండీ! మా పంపు చక్రాలు చూళ్లేదా మీరు?"

"చక్రాలు మోగుతాయాండీ?"

షావుకారు గారు కాస్త ఆలోచించి, "మోగకూడదండి," అన్నారు.

గంటను ముక్కలు చేసి, కరిగించి, తగ్గిన తగరం కలిపి పోశాం. ఆ రోజు పొగ అద్భుతంగా వచ్చింది. మేస్త్రి దాన్ని చూసి, "ఆయ్, మంట మాంచి బలంగా ఉందండి," అని నాకు చూపించాడు కూడా. మర్నాడు అచ్చు పగలగొడితే గంట ఒళ్లంతా సూదిమొన రంధ్రాలు. ఇడ్లీకైతే మెచ్చుకునేవాళ్లం.

టీచరు గారు గొడుగు పిడితో కొట్టారు. డబ్ అంది.

"ఏవండీ," అన్నారామె చాలా మర్యాదగా, "ఇది గంటా, గంగాళమా?"

అక్కణ్ణుంచి కారణాలు మొదలయ్యాయి. కొల్లేటి గాలికి అచ్చు ఇసక చెమ్మగిల్లిందని మేస్త్రి. తగరం అమ్మినవాడి మనసు మంచిది కాదని షావుకారు గారు. కలిదిండి వెళ్లిన చక్రాలు కూడా నీళ్లు చెమరుస్తున్నాయని అంతకుముందే తిరిగొచ్చాయి. అవి దసరా తర్వాత పోసినవని నాకు గుర్తుంది, కానీ దసరాకూ రంధ్రాలకూ ఏం సంబంధమో అప్పటికి తోచలేదు.

"ఇంకోసారి పోయొచ్చాండీ?" అన్నారు టీచరు గారు.

"పోయొచ్చండీ. కానీ మళ్లీ చెడితే ఇంకోటి పోసే టైము ఉండదు," అన్నాను.

"మళ్లీ చెడితే స్పీకరే," అన్నారామె. ఆ మాట అన్నప్పుడు మాత్రం గొంతులో టీచరు లేరు.

నేను అయిపోయిన టార్చి సెల్లు ఒకటి కోసి, దాని చుట్టూ ఉండే జింకు రేకును గీకి మెరిసేలా చేశాను. కొలిమి వెలిగించి, మూతి నుంచి బయటికొచ్చే మంటలో ఆ రేకును పట్టకారుతో పట్టుకుని, ఒకటి రెండు ఊపిర్లు ఆగి తీశాను. గాలి సరిపోతే రేకు పెట్టినట్టే తెల్లగా రావాలి. చాలకపోతే మసి పడుతుంది. మాది ఎలా వచ్చిందంటే, దానితో చుట్టుపక్కల పిల్లలందరికీ కాటుక పెట్టొచ్చు.

"గాలి చాలటం లేదండీ," అన్నాను. "కాలకుండా మిగిలిన గ్యాసు కరిగిన కంచులో దూరుతోంది. చల్లబడేటప్పుడు, ఆట వదిలాక హాల్లోంచి జనం వచ్చినట్టు, దొరికిన సందులోంచి బయటపడుతోంది. ఆ సందులే ఈ రంధ్రాలు."

"మా ఇంట్లో పొయ్యి ఇలా పొగ చూరితే మా అమ్మ ఓ కట్టె బయటికి లాగేదండీ," అన్నారు టీచరు గారు. "ఇక్కడ ఇంకో కట్టె లోపలికి తోస్తున్నారు."

మేస్త్రి చిన్నబుచ్చుకున్నాడు. "గాలి తలుపు బార్లా తీసే ఉందండి. చూస్కోండి కావాలంటే."

నిజమే, బార్లా తీసే ఉంది. తలుపు తీసి ఉన్నా చుట్టం రావటం లేదంటే దారిలో ఏదో ఉండాలి. గాలి గొట్టం వెంబడే నడిచి బ్లోయరు దగ్గరికి వెళ్లాను. అక్కడ దసరా ఇంకా వెళ్లలేదు.

మా షెడ్డులో ఆయుధపూజకు అన్ని యంత్రాలకూ గంధం, కుంకుమ, బంతిపూల దండ. అన్నిటికన్నా పెద్ద దండ బ్లోయరుకు. యంత్రాల్లో మెడలాంటిది ఉన్నది దానికొక్కదానికే కనుక అలా కుదిరింది. ఆ మెడే అది గాలి పీల్చుకునే దారి. పూల రేకులు వెళ్లి లోపలి జల్లెడకు అతుక్కున్నాయి. వాటి మీద మిల్లు ఊక. ఊక మీద ఆయిలు ఆవిరి. చేత్తో తడిమితే పిడకలా తగిలింది. ఎంతో భక్తిగా పీక నొక్కేశాం.

"దండ తీసేయాలండీ," అన్నాను.

షావుకారు గారి ముఖం మారింది. "పూజ చేసిన దండ చేత్తో పీకకూడదండీ. దానంతటది రాలాలి."

"అది రాలటం లేదండీ. లోపలికెళ్లి కాపురం పెట్టింది."

మేస్త్రి వైపు చూశాను. ఆయన చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. "నా వల్ల కాదండి."

"పోనీ నేను పీకేస్తా."

"మీరు చదువుకున్నవారు. మీకు పాపం రెండింతలు తగులుద్దండి," అన్నాడు మేస్త్రి.

అందరం టీచరు గారి వైపు చూశాం. ఆమె రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యో, నేను ముట్టుకోకూడదండీ. మీ పూజ. చర్చి గంట కోసం నేనొచ్చి మీ దండ తీశానంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

ఇలా ఒకరినొకరు గౌరవించుకుంటూ కాసేపు నిలబడ్డాం. మా వైపు పనులు ఆగిపోయేది పోట్లాటల వల్ల కాదు, మర్యాదల వల్ల.

"షావుకారు గారూ," అన్నాను, "కొత్త దండ వేసేటప్పుడు పాతది తీయొచ్చాండీ?"

"తీయాల్సిందే. గుళ్లోనైనా అంతే కదండీ."

"అయితే కొత్తది వేద్దాం."

ఆయన ముఖం వెలిగిపోయింది. తానే బజారుకెళ్లి పాతదానికన్నా లావైన దండ తెచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. దండం పెట్టి, పాతదాన్ని స్వయంగా తీసి, జల్లెడ విప్పించి, రేకులూ ఊకా అన్నీ తవ్వించారు. తర్వాత కొత్త దండతో సరిగ్గా ఆ మెడ దగ్గరికే నడిచారు. నా డిగ్రీలో దీనికి మందు లేదు.

"షావుకారు గారూ," అన్నారు టీచరు గారు ఎంతో సౌమ్యంగా, "ఆ పైన ఆయిలు డ్రమ్ముకు పాపం ఏమీ వేసినట్టు లేరేంటండీ?"

ఆయన ఆగి పైకి చూశారు. "అవునండోయ్! నడిపించేదే అది!"

దండ డ్రమ్ముకెక్కింది. డ్రమ్ముకు ఊపిరి అక్కర్లేదు.

స్విచ్ వేశాం. బ్లోయరు గొంతే మారిపోయింది. జలుబు తగ్గినవాడిలా పలికింది. మంట ఒక్కసారి గర్జించి, ఎర్రని జుట్టంతా లోపలికి లాక్కుంది. మేస్త్రి అలవాటు కొద్దీ ఆయిలు చక్రం మీద చెయ్యి వేశాడు. "పెంచొద్దండీ, తగ్గించండి," అన్నాను. నమ్మకం లేకుండానే తగ్గించాడు. వేడి పెరిగింది. ఇంకాస్త తగ్గించాడు. ఇంకా పెరిగింది. నా వైపు కోపంగా చూశాడు, ఏదో గారడీ చేస్తున్నానన్నట్టు. గాలి మరీ ఎక్కువైనా తగరం తెల్లటి పొగై లేచిపోతుంది కనుక, తలుపును అంగుళంలో సగం వెనక్కి మూశాం. మంట అంచుకు కాస్త ఆకుపచ్చ రంగు వచ్చింది. జింకు రేకు పెడితే పెట్టినట్టే తెల్లగా వచ్చింది. మేస్త్రి దాన్ని నా చేతిలోంచి లాక్కుని, తన చేత్తో ఇంకోసారి పెట్టి చూశాడు. ఆ తర్వాత ఆ రేకు నాకు మళ్లీ దొరకలేదు. అది ఆయన జేబులోకి వెళ్లిపోయింది.

పొగగొట్టం మీద ఆకాశం మామూలు రంగులో ఉంది. మిల్లు గుమాస్తా గోడ మీంచి తొంగిచూసి, "ఏవండీ, ఇవాళ సెలవాండీ?" అని అడిగాడు. జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లలో ఇంత స్పష్టంగా రాసినది ఇంకోటి లేదు.

రంధ్రాల గంటను ముక్కలు చేసి వేస్తే, ముందెన్నడూ లేనంత త్వరగా కరిగింది. పోశాం.

మర్నాడు అచ్చు పగిలి, మట్టి రాలి, గంట నున్నగా బయటపడింది. గొలుసుకు వేలాడదీశాం. మేస్త్రి చెక్క సుత్తి టీచరు గారికిచ్చి, "మీరే కొట్టండమ్మా," అన్నాడు. ఆమె కొట్టి, కళ్లు మూసుకున్నారు.

అది షెడ్డులో మోగి, మిల్లు మీద పావురాలను లేపి, రోడ్డు దాటి వెళ్లి, మేం ఊపిరి వదిలాక కూడా ఇంకా వినిపిస్తూనే ఉంది. మిల్లులో బస్తాలు మోసేవాళ్లు బస్తాలతోనే బయటికొచ్చారు. మేస్త్రి గంట మీద అరచెయ్యి ఆన్చి, ఆ అదురు పూర్తిగా చల్లారేదాకా తీయలేదు. టీచరు గారు కళ్లు తెరిచి, "స్పీకరు వాళ్లకి నేనే చెప్తానండీ," అన్నారు. ఈసారి గొంతులో టీచరే ఉన్నారు.

అనుకున్న ఆదివారానికి గంట చర్చి మీదికెక్కింది. మమ్మల్ని పిలిచారు. స్పీకరు కావాలన్న కమిటీ పెద్దాయనే మొదట తాడు పట్టుకున్నాడు. పట్టుకుని ఇక వదలడే! చెరువు గట్ల మీద మేత వేస్తున్నవాళ్లు కూడా ఆగి ఇటు చూస్తున్నారు.

"ఇంక ఇవ్వండి మరి," అన్నారు టీచరు గారు చెయ్యి చాపి. "టేపయితే మీకీ కష్టం ఉండేది కాదు."

ఆయన నవ్వేసి తాడు ఇచ్చాడు. ఆమె లాగారు. చుట్టూ చేరినవాళ్లకు మా షావుకారు గారు మెళ్లో కండువా సర్దుకుంటూ, "అంతా ఆ దండ మహిమండీ," అని వివరిస్తున్నారు.

నేను కాదనలేదు. ఏ దండ మహిమో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.