బల్ల కింద కోసేసిన గాలి పైపు

సూరత్‌లోని ఖటోదరాలో మరమగ్గాల చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాక నేను వడ్రంగి పనిలోకి మారాను. బంగళాల్లో చెక్క పలకలతో డెక్కులు, అంటే ఎత్తు అరుగులు, వేసేవాణ్ణి. ఒకసారి ఊరికి పడమటి వైపు ఒక ఇంట్లో వేడినీటి టబ్ చుట్టూ డెక్ వేసే పని దొరికింది. ఆ ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. టబ్‌లో గాలి బుడగలు తగులుతుంటే ఆ కాలికి కొంచెం స్పర్శ తెలుస్తోందని ఆయన భార్య మురిసిపోయేది.

పైపుల పని చేసింది గోడాదరాలో మా గల్లీలోనే ఉండే, నేను అన్నా అని పిలిచే ఆయన. మా జిల్లావాడే, మందపాటి కళ్లద్దాలు పెట్టుకునేవాడు. నాకు ఆ పని ఇప్పించింది కూడా ఆయనే. గాలి మోటారు నుంచి బయలుదేరిన పైపు గోడ వెంట పైకి లేచి, వంపు తిరిగి, మళ్లీ టబ్‌లోకి దిగేది. అన్న దాన్ని తట్టి చూపించాడు.

"తమ్మీ, ఈ వంపును మాత్రం ముట్టకు. ఇది నీళ్లకన్నా ఎత్తుల ఉండాలె. లేకుంటె మోటర్ బంద్ చేసినప్పుడు నీళ్లు ఉల్టా దాంట్లకే వస్తయి."

సరేనన్నాను. కానీ ఆ గోడ దగ్గర పెద్దాయన కూర్చునే బల్ల రావాలి. బల్ల ఎత్తు కంటే పైపు వంపు జానెడు పైకి ఉంది. బల్లను ఎత్తు చేస్తే పెద్దాయన కూర్చోలేడు, పక్కకు జరిపితే రెండు రోజుల పని పాడవుతుంది. అన్న లేని మధ్యాహ్నం చూసి వంపు కోసేశాను. పైపును తక్కువ ఎత్తులో అడ్డంగా అతికించి, పైన పలకలు బిగించాను.

వారం తిరక్కుండా గాలి మోటారు ఆగిపోయింది. నేను మెట్లకు పాలిష్ పెడుతుండగా అన్న వచ్చి మోటారు విప్పాడు. లోపలి నుంచి నీళ్లు కారాయి. ఇంటావిడ హిందీలో గట్టిగా కేకలేసింది. చూపు ఆననివాడికి పని ఇవ్వడం తన తప్పేనంది. అన్న నా వైపు తిరిగాడు.

"బల్ల లోపట వంపు అట్లనే ఉన్నది గద, తమ్మీ?"

"ఉన్నదన్నా," అన్నాను.

ఆయన నా మాట నమ్మి, పలక విప్పి చూడనైనా లేదు. "అయితె కొలత నేనే తప్పుగ పట్టిన," అని గొణుక్కుంటూ సంచి సర్దుకున్నాడు.

తర్వాత ఆయన పైపుల పని మానేశాడని, రింగ్ రోడ్డులో ఒక బట్టల మార్కెట్ దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని గల్లీలో విన్నాను. పనిముట్లు కూడా ఎవరికో ఇచ్చేశాడట. అయినా ఇంకో నాలుగు రోజులు నోరు విప్పలేదు.

ఐదో రోజు మార్కెట్ గేటు దగ్గరికి వెళ్లి, నేనే కోశానని చెప్పాను. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన మాత్రం తన చేతులు చూసుకున్నాడు.

"అంటె నా కొలత సక్కగనే ఉండెనా?"

"సక్కగనే ఉండె, అన్నా."

ఆయన సెలవు రోజున ఇద్దరం ఆ బంగళాకు వెళ్లాం. ముందు ఇంటావిడకు జరిగింది చెప్పుకున్నాను. ఆమె అన్నకు మాత్రం కుర్చీ వేయించింది. నేను బల్ల విప్పాను. అన్న అడిగి తెచ్చుకున్న పనిముట్లతో వంపును మళ్లీ పైకి లేపాడు. దానికి చోటు వదిలి నేను పక్కన కొత్త బల్ల కట్టాను. బాగుచేయించిన మోటారు పెట్టగానే బుడగలు లేచాయి. పెద్దాయన కళ్లు మూసుకుని కాలు నీళ్లలో పెట్టాడు. ఇన్నాళ్లూ ఆయనకు అది కూడా లేకుండా చేశానని అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తూ అన్న తన ఇంటి ముందు ఆగాడు.

"మీ వదినకు గూడ నువ్వే చెప్పు. నాకు కండ్లు కనిపిస్తలేవని అది రోజూ ఏడుస్తున్నది."

గడపలో నిలబడి మళ్లీ మొదటినుంచి చెప్పాను. వదిన చివరిదాకా విని లోపలికి వెళ్లిపోయింది. అన్న తర్వాత మళ్లీ పైపుల పనికి వెళ్లాడు గానీ, నాతో కలిసి మాత్రం ఇంకెప్పుడూ పని పట్టలేదు.