రోములో టికెట్టు లేని పూట

చూడటానికి డబ్బులడిగే చోట నాకు ఒళ్ళు మండుతుంది. ముసలితనంలో వచ్చిన కోపం కాదిది. చిన్నప్పుడు రామతీర్థం కొండమీద, బౌద్ధుల కాలం నాటి ఇటుక గోడల మధ్య పొద్దస్తమానం తిరిగేవాణ్ణి. అవెవరు కట్టారో చెప్పాల్సిన బడి నాకు అయిదో తరగతితోనే ఆగిపోయింది. తర్వాత చదివిందంతా గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి గ్రంథాలయం బల్ల దగ్గర చదువుకున్నదే. కొండ నన్ను టికెట్టు అడగలేదు, ఏం చదివావనీ అడగలేదు. అందుకే ఎక్కడ గేటు కనబడినా "కంటికి పన్నేమిటయ్యా?" అని తగువు పెట్టుకున్నాను. ఇప్పటికీ పెట్టుకుంటాను.

అలాంటివాణ్ణి రెండేళ్ళ కిందట యూరప్ టూరుకి బయల్దేరదీసింది మా ఆవిడ. మిషను బళ్ళో టీచరుగా రిటైరయింది. ముప్ఫై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకి కథలు చెప్పింది. చెరసాలలో అపొస్తలుడి చేతుల సంకెళ్ళు వాటంతటవే ఊడిపడే కథంటే ఆవిడకి ప్రాణం. ఆ సంకెళ్ళు ఇవేనని చెప్పి రోములో ఒక చర్చిలో అద్దాల పెట్టెలో పెట్టారని ఎక్కడో చదివింది.

"అయి నిజమైనవేనని నీకెవరు సెప్పేరే?" అన్నాను.

"నిజమైతేనేటి, కాకపోతేనేటి? ఒక్కపాలి సూసొస్తాను. ఇంకేటీ అడగను."

నిజంగానే ఇంకేమీ అడగలేదు. ఆ చర్చికి టికెట్టు లేదని తెలిశాక నాకూ హుషారొచ్చింది. చలికాలమంతా గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చుని, రోములో ఊరికే చూడగలిగినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఫౌంటెన్లు, మెట్లు, చర్చిలు, పాత శిథిలాలు పైనుంచి కనబడే మిద్దె, ఆఖరికి వీధి కుళాయిలు కూడా. ఆ కాగితం చూసి మా బావ పగలబడి నవ్వాడు.

"ఊరికే సూపించీది మన గరివిడి పొగ ఒక్కటే బావా. దొరలకేటి పని, నీకు ఊరికే సూపించడానికి?"

రోములో మాకు మిగిలింది ఒక్క పూట. బస్సులో తక్కినవాళ్ళంతా టికెట్లు కొనుక్కుని కొలోసియం లోపలికి పోయారు. మధ్యాహ్నం మూడింటికి అక్కడే రోడ్డు మీద బస్సెక్కాలి, ఇంకో ఊరు పోవాలి. టూర్ మేనేజరు విశాఖపట్నం కుర్రవాడు. "అంకుల్, టైమంటే టైమే, ఫార్టీ మందిని ఆపలేను," అని రెండుసార్లు చెప్పాడు. సంకెళ్ళ చర్చి బస్సాగే చోటికి దగ్గర కాబట్టి దాన్ని నేను కాగితంలో చివర పెట్టాను. ఎంత తెలివో!

పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అంటున్నాను గాని నడిచింది నేను, వెనకాల వచ్చింది ఆవిడ. నాకు ఒక చోట కాలు నిలవదు. ఫౌంటెన్ దగ్గర అయిదు నిమిషాలు, మెట్ల దగ్గర మూడు. చూసినదాన్ని కొట్టేసుకుంటూ పోతున్నాను. ఆవిడకి మోకాలి నొప్పి.

"ఏటండీ ఆ పరుగు? ఎవులైనా తరుముతన్నారేటి?"

"పదే, ఇంకా ఏడున్నాయి."

"ముందల నాది సూపించీండి. మిగతావి మీరు ఎన్నైనా సూసుకోండి."

"దారిలోనే కదా ఉన్నాది. ఎక్కడికీ పోదు."

పదకొండు దాటాక దారిలో ఒక చిన్న చర్చి కనబడింది. కాగితంలో లేదు. తలుపు తీసి ఉంది, టికెట్టు లేదు, ఇంక నేనాగుతానా! మెట్లమీద బూట్లు విడిచాను.

"అందరూ బూట్లతోనే ఎల్తన్నారండీ," అందావిడ.

"ఎల్లనీ. ఆళ్ళకి తెలీకపోతే మనకీ తెలీదేటి? దేవుడిల్లా, సంతా?"

మా ఊరి చర్చిలోనైనా, శ్రీకూర్మం గుళ్ళోనైనా చెప్పులు గుమ్మం బయటే. డెబ్బై ఏళ్ళ అలవాటు. ఆవిడ మారుమాట లేకుండా తనవీ విడిచి నావాటి పక్కన పెట్టింది. మేజోళ్ళతో ఆ చల్లటి నేల మీద పావుగంట తిరిగాం.

బయటికొస్తే బూట్లు లేవు. మెట్ల చివర అడుక్కుంటూ కూర్చున్న పెద్దాయన కాళ్ళకి నావి ఉన్నాయి. ఆవిడవి అతని సంచీలోంచి తొంగిచూస్తున్నాయి. మమ్మల్ని చూడగానే లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "గ్రాత్సియే, గ్రాత్సియే" అంటూ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. లేనివాళ్ళ కోసం బట్టలూ బూట్లూ చర్చి మెట్ల మీద పెట్టిపోవడం ఆ ఊళ్ళో ఉన్నదేనట. మేమూ అలాగే పెట్టామనుకున్నాడు.

నేను తెలుగులో అరిచాను. అతను తన భాషలో దీవించాడు. నేను నా కాళ్ళు చూపించాను. అతను బూట్లు సరిపోయాయని కాళ్ళు ఎత్తి చూపించాడు. నలుగురు పోగయ్యారు. ఒకామె అతనికి ఏదో సర్దిచెప్పింది. మా ఆవిడ బూట్లు సంచీలోంచి తీసి ఇచ్చేశాడు. నావి విప్పడానికి అతను వంగుతుంటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. తొడిగీసుకున్నాడు కదా."

"నేనేటి తొడుక్కోవాలే?"

"దేవుడింటికి బూట్లొద్దన్నారు కదా. ఇప్పుడు రోడ్డంతా దేవుడిల్లే అనుకోండి."

బూట్లు అతనికే వదిలేసి కదిలాను. అప్పటికే అరగంట పోయింది. చిన్న చిన్న నల్లరాళ్ళు పేర్చిన రోడ్లమీద మేజోళ్ళతో నడుస్తుంటే ప్రతి రాయీ అరికాలికి తెలుస్తోంది. ఇప్పుడు ముందు నడుస్తున్నది ఆవిడ. సంకెళ్ళ చర్చి దగ్గరికి చేరేసరికి తలుపులు వేసేశారు. రోములో దేవుడికి కూడా శ్రీకూర్మంలో కూర్మనాథుడికి వేసినట్టే మధ్యాహ్నం తలుపేస్తారు. ఆ వేళ నా కాగితంలో నా దస్తూరీలోనే ఉంది: పన్నెండున్నర. మళ్ళీ తీసేది మూడింటికి. మా బస్సూ మూడింటికే.

తలుపు కొట్టాను. ఎవరూ రాలేదు. ఇంకోవైపు తలుపుంటుందేమోనని గోడ వెంట అటూ ఇటూ తిరిగాను. ఇంత దూరం వచ్చిన మనిషికి ఒక్క నిమిషం తీస్తే ఏం పోతుందని ఆ తలుపు చెక్కకేసి అరిచాను. ఆవిడ తిట్టినా బాగుండును.

"పోనీలే," అన్నాను. "ఫొటో ఉంటాది కదా, నెట్లో సూద్దాం."

ఆవిడ మెట్టుమీద కూర్చుంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుని మోకాలు రుద్దుకుంది.

"మీరెల్లి బస్సెక్కండి."

"నువ్వో?"

"నేను కదల్ను. నలబై ఏళ్ళు మీరు పదమంటే నడిసినాను. ఇయ్యాల మూడయ్యేదాకా ఇక్కడే ఉంటాను. సూస్తాను. ఆ తరవాత ఏ రైలో ఎక్కి వస్తాను. అడిగితే దారి సెప్తారు, నాకు నోరున్నాది."

కోపం లేదు ఆ గొంతులో. సండే స్కూల్లో అల్లరి పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నేను బస్సు వైపు పది అడుగులు వేసి వెనక్కొచ్చాను. మళ్ళీ వేశాను. మళ్ళీ వచ్చాను. అలా ఎన్నిసార్లో! చివరికి ఆవిడ పక్కన కూర్చున్నాను. రెండు గంటలకు పైగా. నా జన్మలో పని లేకుండా, పుస్తకం లేకుండా ఒక మెట్టుమీద అంతసేపు కూర్చున్నది అదొక్కసారే. కూర్చున్నాను అనకూడదేమో, కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాను.

మూడు దాటాక తలుపు తీశారు. ఆవిడ నన్ను చూడకుండా లోపలికి నడిచింది. ముందు వైపు, బంగారు పూత మెరిసే పెట్టెలో, అద్దం వెనక ఉన్నాయి సంకెళ్ళు. నల్లటి ఇనుము, అంతే. ఫ్యాక్టరీలో అంతకంటే పెద్దవి వేలు చూశాను. ఆవిడ అద్దానికి మొహం ఆనించేంత దగ్గరగా వంగి, ఒక్కొక్క లంకె లెక్కపెడుతున్నట్టు చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, పిల్లలకి చెప్పే కథో నాకు వినబడలేదు.

జేబులో ఫోను కదిలింది. తీసుకుని స్తంభం వెనక్కి వెళ్ళాను.

"అంకుల్, డ్రైవర్ని బతిమాలి ఆపేను. పది నిమిషాలు. ఎక్కడున్నా వచ్చీండి!"

పెట్టె వైపు చూశాను. ఆవిడ ఇంకో వైపు నుంచి చూడటానికి మెల్లగా జరుగుతోంది.

"పది నిమిషాలు సాలదు నాన్నా. మీరెల్లిపోండి. మేం రైల్లో వస్తాం," అని ఫోను ఆపేశాను.

దగ్గరికి వెళ్తే తల తిప్పకుండా అడిగింది.

"ఎవులు?"

"ఎవులూ కాదు. సూసుకో."