జనరేటర్ వ్యాన్‌లో దాచిన పాత సరుకు

ముందుగా రూఢి అయిన విషయాలు. ఒక శీతల పానీయాల సంస్థ నాణ్యతా విభాగంలో సీనియర్ కెమిస్టుగా పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, జూబ్లీహిల్స్‌లోని ఒక షూటింగ్ బంగళాకు ఫిర్యాదు విచారణకు వెళ్లాను. అంతకు రెండు నెలల కిందటే మా చక్కెర లేని డైట్ పానీయంలో తీపి కోసం వాడే ఆస్పర్టేమ్ తీసేసి సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ పొటాషియంల మిశ్రమం వాడడం మొదలుపెట్టాం. బజారులో పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి. సీసా రూపం మారలేదు. వెనుక సన్నటి అక్షరాల్లో తీపి పదార్థం కోడ్ 951 ఉన్నచోట 955, 950 వచ్చాయి, అంతే.

ఇక వినికిడి. కొత్తది తాగితే గొంతు పట్టేస్తోందని ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో అనుకుంటున్నారని మా సేల్స్ వారు చెప్పారు. ఎవరి గొంతు అని అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయారు.

ఫిర్యాదు చేసింది అక్కడ తీస్తున్న సినిమాలో తాత వేషం వేస్తున్న సీనియర్ నటుడు. యూనిట్‌లో అందరికీ ఆయన పెద్దాయన. మధుమేహం వల్ల చక్కెర ముట్టరు. మధ్యాహ్నం తాగే ఒక్క డైట్ సీసాయే ఆయన విలాసం. కొత్తది వచ్చిన రోజే వద్దని, పాతదే కావాలన్నారట. నెల తర్వాత, ఆ పాతదే తాగుతూ, ఇది ఉత్త సోడా నీళ్లని గ్లాసు పక్కన పెట్టేశారట.

నేను వెళ్లేసరికే ప్రొడక్షన్ మేనేజరు తీర్పు చెప్పేశారు. టీ టిఫిన్లు చూసే ప్రొడక్షన్ బాయ్ యాదగిరి నకిలీ సరుకు తెచ్చాడని, సాయంత్రానికి పంపేస్తానని. యాదగిరికి యాభై దాటాయి. ఈ రంగంలో జుట్టు నెరిసినా ఆ హోదా పేరు మారదు. నకిలీ ముద్రతో బయటికి పోయినవారిని ఇంకో యూనిట్ పిలవదు.

"నకిలీ గాదు మేడం," అన్నారు యాదగిరి. "పెద్దాయన పాతదే గావాలన్నడు. యూసుఫ్‌గూడల దొరకలె. షేక్‌పేట గల్లీలల్ల ఒక్కో దుకాణం తిరిగి రెండు డబ్బాల సీసాలు జమ చేసిన. ఎవ్వలు ముట్టకుండ జనరేటర్ వ్యాన్ల దాచిన."

"దాచి ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది. జర భద్రంగ ఉంటయని."

వ్యాన్ ఎక్కి చూశాను. డబ్బాలు ఆనుకుని ఉన్న రేకు మీద చేయి నిలపలేకపోయాను. సీసాల మూతల సీళ్లు చెక్కుచెదరలేదు. బ్యాచ్ సంఖ్యలు మా రికార్డులోవే. నకిలీ అనడానికి ఆధారం లేదు. ఆస్పర్టేమ్‌కు వేడి పడదు. పుల్లటి పానీయంలో వారాల తరబడి వేడికి ఉంటే విడిపోయి తీపిని పోగొట్టుకుంటుంది. మేము తీపి పదార్థం మార్చడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

మేనేజరుకు ఈ వివరణ రుచించలేదు. "మీ కంపెనీ సరుకును మీరు వెనకేసుకొస్తారు మేడం గారూ. పెద్దాయన నాలుక అబద్ధం చెబుతుందంటారా?"

ఆ అనుమానం న్యాయమైనదే. అందుకని త్రికోణ పరీక్ష పెట్టాను. మూడు గ్లాసుల్లో రెండింట ఒకే సరుకు ఉంటుంది, ఒకదానిలో వేరేది. ఆ వేరేదాన్ని రుచితో పట్టుకోవాలి. రెండింట్లో వ్యాన్ సరుకు, ఒకదానిలో ఐస్ పెట్టెలోని కొత్త సరుకు, అన్నీ సమంగా చల్లబరిచి పోశాను. సీసాలు అందించింది యాదగిరి.

క్యారవాన్‌లో పెద్దాయన, అంటించిన గడ్డం తడవకుండా, మూడూ స్ట్రాతో రుచి చూశారు. ఎదురుగా నిలబడ్డ యాదగిరి వైపు ఒకసారి చూశారు. మూడో గ్లాసు ముందుకు జరిపారు.

"ఇది వేరండీ. ఇదే నా పాతది."

"అది కొత్తదండీ. నెల కిందట మీరు వద్దన్నది."

ఆయన గ్లాసు వైపు చూసి, మెల్లగా నవ్వారు. "ఏరా యాదగిరీ, నా మాట పట్టుకుని షేక్‌పేటంతా తిరిగావా? ఇకనుంచి నేను చెప్పినవన్నీ వినకు."

"వినకుంటె మీరు ఊకుంటరా సార్?"

పెద్దాయన మేనేజరు వైపు తిరిగారు. "మొండిపట్టు నాదయ్యా. వాణ్ణి పంపించేటట్టయితే నన్నూ పంపించెయ్."

యాదగిరి ఉద్యోగం నిలిచింది. రెండు రోజులకు ప్రయోగశాల ఫలితం వచ్చింది: వ్యాన్ సీసాల్లో ఆస్పర్టేమ్ బాగా తగ్గింది, బయటివారు కలిపిన పదార్థమేదీ లేదు. నకిలీ కాదనీ, వేడిచోట నిల్వ చేయడం పొరపాటనీ రెండూ రాశాను. రాసినది యాదగిరికి చదివి వినిపించాను. "ఉన్నదే రాసిన్రు మేడం," అని, మిగిలిన డబ్బాలను మెట్ల కింద నీడకు మార్చారు.

ఆనాటి నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా, సరుకు ఎలా తయారైందన్నది తర్వాత, తయారయ్యాక ఎక్కడెక్కడ ఉందన్నది ముందు అడిగేదాన్ని.

ఒక ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. పెద్దాయన నిజంగా రుచి పట్టారా? గుడ్డిగా చూపినా సరిపోవడానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంది. అంతకన్నా పెద్ద లోపం నాది: ఏ గ్లాసులో ఏముందో తెలిసిన యాదగిరిని, ముఖాలు చదవడమే వృత్తిగా బతికిన మనిషికి ఎదురుగా నిలబెట్టాను. ఆ రోజే మరోసారి పరీక్షిస్తానని అడిగాను.

"ఒక్క టేక్‌లో ఓకే అయినదానికి రెండోది ఎందుకండీ?" అని, ఆయన గడ్డం సవరించుకుంటూ షాట్‌కు వెళ్లిపోయారు.