వీధి మొదట్లో డ్రమ్ము చప్పుడు

జనగామలో నా రికార్డింగ్ గదికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే "అన్నా, గీ మైకు ఎంతకు కొన్నవ్?" అని అడుగుతారు. నాకు ఎక్కడలేని చిరాకు వస్తుంది. కూర తిని బాగుందనకుండా గిన్నె ధర అడిగినట్టు ఉంటుంది. మైకు ఏదైనా ఫరవాలేదు, దాన్ని ఎక్కడ పెట్టానో అడగండి అంటాను. వాళ్లు తలూపి, పక్కనున్న హెడ్‌ఫోన్ ధర అడుగుతారు.

ఈ గది ఒకప్పుడు మా అబ్బా నడిపిన మైక్‌సెట్టు దుకాణం. పెళ్లిళ్లకు, పీర్ల పండుగకు, ఎలక్షన్లకు గొట్టం మైకులు కిరాయికి ఇచ్చేవాడు. నా చేతికి వచ్చేసరికి గొట్టాల కాలం పోయి, ఊరూరా జానపద పాటలు కట్టి యూట్యూబులో పెట్టే కాలం వచ్చింది. నేను కిటికీ మూయించి, గోడలకు పత్తి పరుపులు కొట్టించాను. పత్తికి మా ఊళ్లో కొదవ లేదు. తలుపు వేసుకుంటే రోడ్డు మీద లారీ హారన్ కూడా లోపలికి రాదు. ఆ నిశ్శబ్దమంటే నాకు భలే గర్వం.

ఆదివారాలు కోరస్ పాడడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఇక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. వాళ్లది మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట. వాళ్ల నాయన బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టేవాడు. డ్రమ్ సెట్టులో ఉండే స్నేరు, బ్యాండులో తొడ మీద వేలాడే సైడ్ డ్రమ్ము ఒకే కుటుంబానివి. పైన ఒక పొర, కింద ఒక పొర, కింది పొరకు ఆనుకుని సన్నని ఇనుప తీగలు. పైన కర్ర పడితే కింద తీగలు చిరచిరలాడతాయి. ఆ చిరచిర లేకపోతే అది వట్టి డబ్బా.

ఒకరోజు పాట పూర్తయి అందరూ వెళ్లిపోయినా ఆమె కదలలేదు.

"నా పెండ్లి ఖాయమైంది అన్నా. పిల్లగానిది భూపాలపల్లి దిక్కు, టేకుమట్ల."

"మంచి ముచ్చటనే కద చెల్లె. మరి మొఖం ఎందుకట్ల పెట్టినవ్?"

"ఎదురుకోళ్లకు వాళ్లు డీజే తెస్తరంట. బాపు ఎందరి పెండ్లిళ్లకో డ్రమ్ము కొట్టిండు. నా పెండ్లినాడు పిల్లతండ్రి కద, డ్రమ్ము మెడకేసుకునుడు ఎట్ల కుదురుతది? ఆయన చేతులు ఉత్తగుంటయి. బాపు సప్పుడన్న ఉండాలె అన్నా. ఆ డీజే డబ్బల్ల నుంచి వచ్చినా సరే."

ఎదురుకోళ్లంటే మావైపు పెళ్లిలో పెద్ద సంబరం. పెళ్లికొడుకు వాళ్లు ఊరి మొదట్లో దిగి ఆగుతారు. ఆడపిల్లవాళ్లు బ్యాండుతో, షర్బత్తుతో ఎదురెళ్లి తీసుకొస్తారు. ఆమె తండ్రి ఉన్న బ్యాండు మాత్రం అప్పటికే చెదిరిపోయింది. క్లారినెట్ ఆయన ఊపిరి చాలక మానుకున్నాడు, ట్రంపెట్ ఆయన ఆటో నడుపుతున్నాడు. డ్రమ్ము ఒక్కటే ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఆయన దెబ్బను రికార్డు చేసి ఎదురుకోళ్లనాడు ఆ డీజేలోనే మోగించాలని నాకు మనసు పుట్టింది. తండ్రిని డ్రమ్ముతో సహా తీసుకురమ్మన్నాను.

తండ్రి వచ్చాడు. ఎర్ర మఖ్మల్ కోటు, బంగారు రంగు జరీ, ఇత్తడి గుండీలు, మొత్తం మేళం వేషంలో వచ్చాడు.

"ఫోటో కాదు కాకా, సప్పుడే పట్టేది," అన్నాను.

"ఎరుకే భాయ్. కోటు లేకుంటే చెయ్యి లేస్తలేదు."

గుండీలు డ్రమ్ము అంచుకు తగిలి టింగుమంటున్నాయని కోటు విప్పించాను. మెడ పట్టా తీయించి డ్రమ్మును స్టాండు మీద పెట్టించాను. కదలొద్దని గట్టిగా చెప్పాను. ఆయన బుద్ధిగా నిలబడ్డాడు.

స్నేరుకు మైకు పెట్టడంలో నాదొక పద్ధతి. పాటగాళ్లు చేత్తో పట్టుకునే మామూలు మైకు ఒకటి, అంచు మీద రెండు వేళ్ల ఎత్తున, మూతి నడిమధ్యకు చూసేట్టు వంచి పెడతాను. మరీ నిట్టనిలువుగా దించితే దెబ్బ మొద్దుగా వస్తుంది, మరీ పక్కకు వాలిస్తే రేకు మోత వస్తుంది. తీగల కోసం కింద ఇంకొక మైకు. అయితే పైపొర లోపలికి పోయినప్పుడు కిందిపొర బయటికి వస్తుంది. అందుకని రెండు మైకులూ ఒకదాని మాట ఒకటి కొట్టేసుకుంటాయి, చప్పుడు పీలగా అయిపోతుంది. కింది మైకును తిరగేసే బొత్తం ఒకటుంటుంది, అది నొక్కితే ఇద్దరికీ రాజీ కుదిరి డ్రమ్ముకు ఒళ్లు వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ బొత్తం నొక్కిన క్షణం నాకు పండగే.

ఆయన కొట్టాడు, నేను మిక్సింగుకు కూర్చున్నాను. పెద్ద దెబ్బను అణచి చిన్న దెబ్బను పైకి లేపే కంప్రెసర్ వేశాను. బొంగురు తీశాను, పదును పెంచాను, సినిమా హాల్లో మోగినట్టు ప్రతిధ్వని చుట్టాను. ఇంకేముంది, గుండెల మీద కొట్టినట్టు వచ్చింది. నా భుజం నేనే తట్టుకుని అమ్మాయిని పిలిచాను.

హెడ్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా విన్నది. తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మంచిగుంది అన్నా. కని గిండ్ల బాపు లేడు."

"లేకపోతే ఎవరు కొట్టినట్టు, నేనా?" అన్నాను. కోపం దాచుకునే అలవాటు నాకు లేదు.

ఆమె నవ్వబోయింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు మైకులను విడివిడిగా విన్నాను. కింది మైకులో డ్రమ్ముతో పాటు సన్నగా ధప్, ధప్ అని ఒక చప్పుడు. వైరు వదులైందేమో అనుకున్నాను. కాదు, బూట్లు. కదలొద్దన్నానని ఆయన ఉన్నచోటనే అడుగులేశాడు. బతుకంతా నడుస్తూ కొట్టిన మనిషి, అడుగు పడితేనే ఆయనకు దెబ్బ పడుతుంది. మళ్లీ వింటే తెలిసింది, స్టాండు దగ్గర ప్రతి దెబ్బా కొంచెం బిగదీసుకుని ఉంది.

అమ్మాయికి ఫోన్ చేశాను. "మీ బాపు డ్రమ్మును నువ్వు యాడ నిలబడి వినేదానివి?"

"నిలవడుడేంది అన్నా. ఇంట్లుండి వినేదాన్ని," అంది. తర్వాత నేను అడగకుండానే చెప్పుకుపోయింది. "మేళం కొట్టి తెల్లారి బస్సుకు వచ్చేటోడు. బస్సు దిగంగనే డ్రమ్ము మెడకేసుకొని ఇంటిదాక కొట్టుకుంట వచ్చేటోడు. నాకు ఎరుక కావాల్నని. అవ్వ అప్పటికే పొలం పోయేది, ఇంట్ల నేనొక్కదాన్నే. సప్పుడు చెవుల వడంగనే లేసి పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని. బాపు వాకిట్లకొచ్చే వరకు నీళ్లు కాగేటియి."

నాకు నవ్వొచ్చింది, నా మీద నాకే. రెండు వేళ్ల ఎత్తున మైకు పెట్టి, ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎన్నడూ వినని చప్పుడును ఆమె చెవిలో పోశాను. ఆమె ఎరిగిన డ్రమ్ము దూరం నుంచి వచ్చేది, గోడ అవతల పెరిగేది. నా పత్తి గదిలో దూరం ఎక్కడిది.

మార్కెట్ యార్డు సెలవు రోజు చూసి ఆమె తండ్రిని గోదాముల వెనక రోడ్డుకు తీసుకెళ్లాను. పొడుగాటి ఖాళీ రోడ్డు, ఒక పక్క గోడలు. యాంకర్లు కాలరుకు పెట్టుకునే చిన్న మైకును గుడ్డ చుట్టి డ్రమ్ము అంచుకు కట్టాను. దాని రికార్డర్ ఆయన జేబులో వేశాను. గది కోసం అపురూపంగా దాచుకునే సున్నితమైన పెద్ద మైకును రోడ్డు ఈ చివర స్టాండుకెక్కించి, గాలి కొట్టకుండా నా చలికాలపు ఉన్ని టోపీ తొడిగాను.

"కోటు వేసుకో కాకా. నడిచి రా," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. గుండీలన్నీ పెట్టుకుని, పట్టా మెడకేసుకుని ఆ చివరికి వెళ్లాడు. ముందు చిరచిర ఒక్కటే గాలిలో తేలి వచ్చింది. ఆపైన గోడలు అందుకుని తిరిగిచ్చిన మోత, చివరికి కర్ర దెబ్బ, ఇత్తడి గుండీల టింగుటింగు. మధ్యలో ఒక కాకి, ఒక సైకిలు గంట. దేన్నీ ఆపలేదు. ఎండలో చెమటలు కారుతూ నేను పిచ్చివాడిలా నవ్వుతూ నిలబడ్డాను.

మిక్సింగులో పెద్ద పని చేయలేదు. దూరం మైకులో ప్రతి దెబ్బా అరక్షణం ఆలస్యంగా పడుతుంది కదా, చదువుకున్న పద్ధతిలో దాన్ని జరిపి దగ్గరి మైకుతో కలిపాను. రోడ్డు మాయమైంది. మళ్లీ వెనక్కి జరిపాను, రోడ్డు తిరిగి వచ్చింది. కంప్రెసర్ తీసేశాను. అది దూరాన్నీ దగ్గరనూ సమానం చేస్తుంది, ఇక మనిషి నడిచి వచ్చి ఏం లాభం. మొదట దూరం మైకు ఒక్కటే, తర్వాత దగ్గరిది కూరలో ఉప్పు వేసినట్టు కొద్దికొద్దిగా కలిపాను. మీద కీబోర్డు క్లారినెట్ వేద్దామనుకుని మానుకున్నాను.

వినమంటే అమ్మాయి వినలేదు. "పెండ్లినాడే వింట అన్నా," అంది. పెన్‌డ్రైవు నా జేబులోనే ఉండిపోయింది. ఈసారి కూడా బాపు లేకపోతే సర్దుకునే దారి లేదు. అలా పరేషాన్ అవుతూనే నర్సింహులపేట పోయాను.

టేకుమట్ల వాళ్లు పొద్దున్నే బస్టాపు దగ్గర దిగారు. డీజే బండి వాళ్ల ముందు నిలబడింది. నడిపే పిల్లగాడు బేస్ గుండీని చివరిదాకా తిప్పి పెట్టుకున్నాడు.

"అది జర తగ్గించు తమ్మీ," అన్నాను.

"బేస్ లేకుంటే జనం ఊగరన్నా."

"ఊగకున్నా మంచిదే. జర ఆగు." నేనే ఎక్కి తగ్గించి, నా పెన్‌డ్రైవు పెట్టాను.

డబ్బాల్లోంచి సన్నగా చిరచిర మొదలైంది. పెళ్లికొడుకు దోస్తులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, డబ్బా చెడిపోయిందనుకున్నారు. చప్పుడు పెరుగుతూ ఉంటే మాటలు ఆగిపోయాయి. బండి మెల్లగా ఊళ్లోకి కదిలింది.

ఎదురుగా ఆడపిల్లవాళ్లు వస్తున్నారు. ముందు తండ్రి, తెల్ల లాల్చీలో, రెండు చేతుల్లో షర్బత్తు గ్లాసుల పళ్లెంతో. చప్పుడు విని రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. వెనకవాళ్లు ఆయనను ఢీకొట్టబోయి ఆగారు. నేను దగ్గరికి పోయాను.

"ఇన్నేండ్లు దీని ఎనకనే ఉంటి భాయ్," అన్నాడు మెల్లగా. "ముంగట నిలవడి ఎన్నడు వినలే."

ఆ తర్వాత కాళ్లు వాటంతటవే కదిలాయి. అడుగు పడ్డచోట దెబ్బ పడుతోంది. పళ్లెం కింద వేళ్లు ఆడుతున్నాయి. గ్లాసుల్లో షర్బత్తు వణుకుతోంది గానీ ఒక్క చుక్క ఒలకలేదు. వియ్యంకుడికి గ్లాసు అందించేటప్పుడు కూడా ఆయన ఆ తాళం తప్పలేదు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

పెళ్లికొడుకు వాళ్లను విడిదిలో దించాక అమ్మాయి ఇంటికి పోయాను. లోపలి గదిలో ఆడవాళ్లు ఏదో తలచుకుని నవ్వుకుంటున్నారు. ఆమె బాసికం కట్టుకుని చాప మీద కూర్చుని ఉంది, కాటుక చెదిరింది. నన్ను చూసి గుమ్మం దాకా రమ్మని సైగ చేసింది. ఈసారి బాపు ఉన్నాడా అని నేను అడిగేలోపే ఆమే మొదలుపెట్టింది.

"సప్పుడు ఇనవడంగనే లేసిన అన్నా," అంది. "అందరు పట్టుకొని కూసోబెట్టిండ్రు."

"యాడికి పోదామని లేచినవ్ చెల్లె?"

"నీళ్లు పెట్టాలె కద," అంది. "బాపు వస్తుండె."