రాశి చేతి పుస్తకం

మొదటిసారి నీట్ పరీక్షలో మా మనవరాలికి మార్కులు చాలలేదు. ఇంకొక్క ఏడాది చదువుకోమన్నాడు మా అబ్బాయి. ఈసారీ డాక్టరు సీటు రాకపోతే కోవిల్‌పట్టి కాలేజీలో బీఎస్సీ, అంతే అన్నాడు. కోపంతో అన్నది కాదు. చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. పిల్ల తల ఊపింది.

కోచింగ్‌కు పంపే స్తోమత మాకు లేదు. గైడు పెట్టుకుని ఇంట్లోనే చదవాలి.

మా నల్లరేగడి ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. విత్తే ముందు మొదటి గుప్పెడు గింజలు రాశి చెయ్యి ఉన్నవాళ్ల ఇంటి నుంచి తెచ్చుకుంటాం. రాశి చెయ్యి అంటే ఏది వేసినా పండే చెయ్యి. గైడు విషయంలోనూ నాకు అదే తోచింది. విరుదునగర్‌లో నాకు వరసకు చెల్లెలయ్యే ఆమె ఉంది. ఆమె కూతురు కొన్నేళ్ల కిందట మెడికల్ సీటు తెచ్చుకుంది. తమలపాకులు, పండ్లు పట్టుకుని బస్సెక్కి వెళ్లి, ఆ పిల్ల చదివిన బయాలజీ గైడు అడిగాను. చెల్లెలు దాన్ని బీరువాలోంచి తీసి, పసుపు బొట్టు పెట్టి, గింజలు ఇచ్చేటప్పటిలాగే తూర్పుకు తిరిగి నా కొంగులో పెట్టింది.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. ముందు సాయంత్రం బడిలో తమిళం వచ్చింది. మేం ఇంట్లో మాట్లాడే తెలుగును కూడా రాయాలనిపించి, తర్వాత ఒక వాచకం పెట్టుకుని ఆ లిపి నేర్చాను. ఈ గైడు తమిళంలో ఉంది. మధ్యాహ్నాలు మనవరాలూ నేనూ మిరపకాయల తొడిమెలు తీస్తూ కూర్చునేవాళ్లం. నేను ప్రశ్న కూడబలుక్కుని చదివితే ఆమె జవాబు చెప్పేది.

"సీక్రం చదువవ్వా. నువ్వు ప్రశ్న ముగించేలోపల హాల్లో గంట కొట్టేస్తారు."

"కొట్టనీలే. నేను తప్పు చదివితే నువ్వు తప్పు చెప్తావు గదా."

మొక్కల ఆహారం పాఠం నాకు బాగా నచ్చింది. మినుము వేళ్లకు బుడిపెలు ఉంటాయని మాకు తెలుసు. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని ఆ గైడులోనే చదివాను. అందుకని ఆ పాఠం మళ్లీ మళ్లీ తీసేవాళ్లం. జీర్ణక్రియ కూడా అంతే. తేలికగా వచ్చేదాన్నే ఎవరైనా ఎక్కువసార్లు తిరగేస్తారు. ఆ రెండింట్లో ఆమెకు ఒక్క జవాబూ తప్పేది కాదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఆమెతో చదివిన పిల్ల ఒకతె కోవిల్‌పట్టి నుంచి వచ్చింది. ఆమె కూడా రెండోసారి రాస్తోంది. గైడు చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పి ఆగింది.

"ఏమే, ఇది పాత బుక్కు గదే! ఈ పాఠాలు సిలబస్సు నుంచి తీసేసినారు. నీకు తెలీదా?"

తీసేసినవాటిలో మొక్కల ఆహారం ఉంది, జీర్ణక్రియ ఉంది. కొత్తగా చేర్చినవి ఈ గైడులో లేనే లేవు. మనవరాలు ఒడిలోని తొడిమెలు దులుపుకుని లోపలికి పోయింది.

సాయంత్రం మా అబ్బాయికి తెలిసింది.

"రాశి రాశి అని పోయి ఏం తెచ్చినావమ్మా?"

"సీటు తెచ్చిన బుక్కురా అది."

"అప్పుడు అది కొత్తది. ఎంత రాశి చేతి గింజయినా పాతబడితే మొలుస్తుందా?"



మర్నాడు అతను కొత్త గైడు కొనుక్కొచ్చాడు. పాతదాన్ని అటకెక్కించబోతే మనవరాలు ఒప్పుకోలేదు. "ఉండనీ నాయినా, రాశి పోతుంది" అంది. సైన్సు చదివే పిల్ల. తీసేయని పాఠాలకు ప్రశ్నలు పాతదాంట్లోనే ఎక్కువున్నాయని కూడా అంది. అది నిజం. కానీ మా చెయ్యి మళ్లీ అలవాటైన పేజీల మీదికే పోయేది. అందుకని తీసేసిన పాఠాల పేజీలన్నిటినీ దబ్బనంతో, పురికొసతో కలిపి కుట్టేశాను.

"గోనె మూతి కుట్టినట్టు కుట్టినావే అవ్వా!"

"పుస్తకాన్ని చింపితే తప్పు. కుడితే తప్పులేదు."

పరీక్ష విరుదునగర్‌లో పడింది. నగలతో లోపలికి రానివ్వరు కాబట్టి మనవరాలు గేటు దగ్గర కమ్మలు తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. మా అబ్బాయీ నేనూ మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నాం. బయటికి వచ్చాక, కొత్త పాఠాలు ఒక్కసారి చదవడానికే టైము దొరికిందనీ, వాటి ప్రశ్నలు కొన్ని వదిలేశాననీ చెప్పింది.

మార్కులు పోయినసారి కంటే పెరిగాయి. ఎంబీబీఎస్‌కు చాలలేదు. సిద్ధ వైద్యం కాలేజీలో సీటుకు చాలవచ్చని తెలిసినవాళ్లు అన్నారు. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"డాక్టరు సీటు అని గదా మన మాట?"

"సిద్ధ చదివినా డాక్టరే నాయినా. పేరు ముందర రాసుకుంటారు."

"సూది వేస్తారా?" అన్నాను నేను.

"కషాయం ఇస్తారు."

"కషాయానికి ఇంత చదవాలా?"

"చదవాలవ్వా. ఇంకా అయిదేళ్ల పైన చదవాలి." ఆమె నా వైపు చూడలేదు, తండ్రి వైపే చూస్తోంది.

అతను దరఖాస్తుకు ఏయే కాగితాల జిరాక్సులు కావాలని అడిగాడు. ఆమె చెబుతూ ఉండగానే చెప్పులు వేసుకున్నాడు.