నీళ్ళపైన మిగిలిన అంచు

మా అక్క మొగుడిని బావా అని పిలవడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. పిలవాల్సి వస్తే పళ్ళు కొరుక్కుంటూ పిలుస్తాను.

ఆయనకు మిర్యాలగూడలో లారీలున్నాయి, సూర్యాపేట దగ్గర కౌలుకు తీసుకున్న చేపల చెరువుంది. మిల్లుల నుంచి తౌడు బస్తాలు లారీలో తెచ్చి, పడవలో చెరువు మధ్యకు పంపి చేపలకు వేయించేవాడు. ఆ పడవ నడిపింది మా తమ్ముడు. ఒక పొద్దున పడవ నడి చెరువులో మునిగింది. తమ్ముడు బస్తాల కింద దొరికాడు.

చచ్చినోడి కళ్ళు చారెడంటారు. మావాడికి ఆ మర్యాదైనా దక్కలేదు. దినం భోజనాల దగ్గర నలుగురూ వింటుండగా బావ అన్నాడు: "బామ్మర్దికి పడవ నడపరాలే. ఏం జేస్తం, వాని రాత గట్లున్నది."

అందరూ తలలూపారు. మా అమ్మ కూడా నమ్మింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాటకు ఈయనను ఊరి ముందు నిలబెట్టకపోతే నేను వాడి అక్కనే కాదనుకున్నాను.

కానీ పడవ గురించి నాకేం తెలుసు? దాన్ని తయారుచేసిన పెద్దాయన కోదాడలో ఉంటాడు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. వెళ్ళి అడిగాను. పడవ ముందు కొసను అణియం అంటారని, వెనక కొసను అమరం అంటారని చెప్పాడు. పొడవు లోపల కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు బయట కొలవాలట. వెడల్పేమో ఎక్కడ ఎక్కువుంటే అక్కడ.

"ఇవన్నీ ఖాళీ పడవ కొలతలమ్మా" అంటూ అంచు మీద చెయ్యి పెట్టాడు. "బరువెక్కే కొద్దీ అడుగు కిందికి దిగిపోద్ది. నీళ్ళపైన ఈ అంచు ఎంత మిగిలిందో చూసుకోవాలి. జానెడు కంటే తగ్గితే ఒడ్డు వదలకూడదు. మీ బావగారికీ చెప్పాను. ఆయన లోపల టేపు పెట్టి, ఇంకా బోలెడు ఖాళీ ఉందిగా అన్నారు."

నాకు అర్థమైంది. అది లారీ లెక్క. మిర్యాలగూడలో తొట్టి నిండేదాకా, చక్రాల మీది కమాన్ పట్టీలు వంగేదాకా ఎక్కిస్తూనే ఉంటారు. లారీ కింద రోడ్డుంటుంది మరి.

నెల మాసికం నాడు అమ్మను, అక్కను, ఊరి పెద్దమనుషులను చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను. పైకి తీసిన పడవ ఒడ్డు పక్కనే నీళ్ళలో కట్టేసి ఉంది.

"ఆ దినం ఎన్ని బస్తాలు ఎక్కిచ్చినవో అన్ని ఎక్కియ్యి బావా" అన్నాను.

"లారీల సగం గూడ కావు, సూడుండ్రి" అని ఆయన ధీమాగా కూలీలకు పురమాయించాడు. బస్తా మీద బస్తా పడింది. చివరికి అంచు బెత్తెడు మిగిలింది. పెద్దమనుషుల్లో ఒకాయన వంగి, చెయ్యి ఆనించి చూసి, లేచి వెనక్కి జరిగాడు.

"ఇగ నువ్వు గూసో. నడుమ దాక పోయి రా. నీకు నడపొస్తది గదా" అన్నాను.

ఆయన ఒక కాలు పెట్టాడు. పడవ ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. చప్పున కాలు వెనక్కి తీసుకున్నాడు. మా అమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

"నాకు ఈత రాదు" అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ.

"మా తమ్మునికి వచ్చు" అన్నాను.