మూడు వీసీడీలు

రాయదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో మూడు వీసీడీలున్నాయి. కూలీలతో చేయించాల్సిన కరువు పనిని కాంట్రాక్టరు మిషన్‌తో చేయిస్తుంటే ఆమె తమ్ముడు వీడియో తీశాడట. ఆ ఫైళ్లనే స్టూడియోలో డిస్కులకెక్కించి తెస్తోంది.

"డీవీడీ అయితే ఒక్కదాంట్లోనే పట్టేది కదమ్మా, బొమ్మ కూడా బాగుండేది," అన్నాను.

"స్టూడియో ఆయప్ప గూడా అదే చెప్పినాడన్నా. మా ఊర్లో అందరిండ్లలో ఉండేది వీసీడీ ప్లేయర్లే. డీవీడీ ఆడేది ఆ కాంట్రాక్టరు ఇంట్లో ఒక్కటే. ఆయప్ప చేసింది ఆయప్పకు తెలీదా? చూడాల్సింది ఊరు."

"కాంట్రాక్టరు కొట్లాటకొస్తే?"

"రానీ. మొగం గుర్తుపట్టేంత బొమ్మ ఉండాది, చాలు."

ఊరు రాగానే మూడింటినీ అందరికీ కనిపించేలా చేతిలో పట్టుకుని దిగిపోయింది.

ఏ వీడియో గురించైనా బొమ్మ బాగుందా అని ఎవరైనా అడిగితే, చూడాల్సింది ఎవరని ఇప్పటికీ ఎదురడుగుతాను.